రీల్స్ చూసి రీల్ కొనేస్తున్నారా? బ్యాస్ ఫిషింగ్‌లో ముందు చూడాల్సింది రాడ్ కాదు.. ఎర!

టెక్సాస్‌లో ఉంటున్న మా పెద్దమ్మ కొడుకు పోయిన వేసవిలో వాట్సాప్‌లో ఓ వీడియో పంపాడు. 24 సెకన్ల వీడియో. లేక్ లూయిస్‌విల్ ఒడ్డున అన్నయ్య నిలబడి ఉన్నాడు.. చేతిలో కొత్త రాడ్, కొత్త రీల్, కళ్లకు నల్లద్దాలు. స్టైల్‌గా వెనక్కి తీసి విసిరాడు. ఎర నాలుగు అడుగులు కూడా పోలేదు. రీల్‌లో ఉన్న దారం మొత్తం పిచ్చుక గూడులా చిక్కుపడిపోయింది. వెనకాల నుంచి వాళ్ల పాప పడీ పడీ నవ్వుతోంది. ఆ సెట్టు ఖరీదు 280 డాలర్లట!

ఒక్క అన్నయ్య సంగతే కాదిది. డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్ లాంటి చోట్ల మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. దగ్గర్లోనే లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, లావన్, రే రాబర్ట్స్ లాంటి పెద్ద రిజర్వాయర్లున్నాయి. వీకెండ్ వస్తే పిల్లల్ని తీసుకుని వెళ్లడానికి ఇంతకంటే చవకైన కాలక్షేపం లేదు. కానీ ఫోన్లో రెండు వీడియోలు చూసి షాపుకి వెళ్తే.. అక్కడ గోడ నిండా రాడ్లు, అద్దాల బీరువా నిండా రీళ్లు. ఏది తీసుకోవాలో తెలియక ఖరీదైనది తెచ్చుకోవడం, రెండు వారాలు తిరిగి గ్యారేజీలో పడేయడం. ఇదే జరుగుతోంది.

మరి ఎలా కొనాలి? అసలు ఏది ఎందుకు?

బ్యాస్ అంటే ఏం చేప?

ముందు ఓ చిన్న క్లారిటీ. ఇది ఆఫీసులో బాస్ కాదండోయ్.. బ్యాస్. ఎక్కువమంది వెంటపడేది లార్జ్‌మౌత్ బ్యాస్ కోసం. ఆకుపచ్చటి ఒళ్లు, పక్క భాగంలో నల్లటి చార, కన్ను దాటి వెనక్కి పోయేంత పెద్ద నోరు. ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతం దీని సొంత ఊరు. ఇప్పుడు చాలా దేశాలకు పాకిపోయింది.

మన చెరువుల్లో కొర్రమీను పట్టిన అలవాటు ఉన్నవాళ్లకు దీని బుద్ధి వెంటనే అర్థమైపోతుంది. వెంటాడి తినే రకం కాదు.. మాటు వేసే రకం. నాచు అంచున, మునిగిన చెట్ల మధ్య, పడవలు కట్టే చెక్క వంతెన నీడలో కదలకుండా ఉంటుంది. ఏదైనా దగ్గరికొస్తే ఒక్క ఉదుటున మింగేస్తుంది. అంటే మీ ఎర ఎక్కడ పడాలి? నడి చెరువులో కాదు.. చెత్త, కొమ్మలు, నాచు ఉన్నచోట. ఈ ఒక్క ముక్క గుర్తుంటే కింద చెప్పే సామాను లెక్కంతా సులభంగా అర్థమవుతుంది.

ఎంత పెద్దది పడుతుందంటే.. ప్రపంచ రికార్డు 22 పౌండ్ల 4 ఔన్సులు. అంటే మన లెక్కలో 10 కిలోలు. 1932 జూన్ 2న జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టాడు. 77 ఏళ్లు ఆ రికార్డుని ఎవరూ అందుకోలేదు. 2009 జూలై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప దానికంటే దాదాపు ఒక ఔన్సు ఎక్కువే తూగింది. అయినా రికార్డు బద్దలు కాలేదు! పాత రికార్డు కంటే కనీసం 2 ఔన్సులు ఎక్కువ ఉండాలన్నది రూలు. అందుకే ఇద్దరినీ సమానంగా నిలబెట్టారు.

మనకి పడేవి మాత్రం సాధారణంగా కిలో, కిలోన్నర చేపలే. సామాను వాటికి సరిపడా ఉంటే చాలు.

ఇదిగో.. ఇక్కడే పప్పులో కాలేస్తున్నారు

అందరూ ముందు రాడ్ కొంటారు. తర్వాత దానికి నప్పే రంగు రీల్. ఆ తర్వాత షాపువాడు ఇచ్చిన లైన్. చివర్లో బిల్లింగ్ దగ్గర కనిపించిన నాలుగు ఎరలు. ఇది పూర్తిగా తిరగేసిన లెక్క.

విసిరేటప్పుడు రాడ్‌ని వంచేది ఎర బరువే. రాడ్ వంగి, స్ప్రింగులా తిరిగి నిటారు అయితేనే ఎర దూరం పోతుంది. గట్టి రాడ్‌కి 5 గ్రాముల ఎర కడితే అది వంగనే వంగదు. ఇక ఎర ఎక్కడికి పోతుంది? అన్నయ్య విషయంలో జరిగిందిదే. హెవీ రాడ్, దానికి బెయిట్‌కాస్టర్ రీల్, చివర బఠాణీ గింజంత బరువు. ప్రపంచ చాంపియన్ వచ్చినా దాన్ని దూరం విసరలేడు.

కాబట్టి వరుస ఇది: ముందు ఏ ఎర వాడతారో తేల్చుకోండి. దాని బరువుకి, అది తిరిగే చోటుకి తగ్గ లైన్. ఆ రెండూ మోసే రాడ్. ఆఖర్న రీల్.

దీనికి లెక్కలేం వేయక్కర్లేదు. ప్రతి రాడ్ మీద పిడికి కాస్త పైన చిన్న అక్షరాల్లో అంతా రాసి ఉంటుంది. ఉదాహరణకి.. పొడవు 6 అడుగుల 6 అంగుళాలు, పవర్ మీడియం, యాక్షన్ ఫాస్ట్, లైన్ 6-12 పౌండ్లు, ఎర 1/4-5/8 ఔన్సు అని ఉంటే.. 7 గ్రాముల నుంచి 18 గ్రాముల వరకు ఉన్న ఎరని హాయిగా విసురుతుందని అర్థం. షాపులో చూడాల్సిన మొదటి విషయం ధర చీటీ కాదు.. ఈ లైను.

పవర్ వేరు, యాక్షన్ వేరు

ఈ రెండింటినీ ఒకటే అనుకునేవాళ్లే ఎక్కువ. పవర్ అంటే రాడ్ వంగడానికి ఎంత బలం కావాలన్నది. లైట్, మీడియం, మీడియం హెవీ, హెవీ ఇలా ఉంటుంది. యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుందన్నది. ఫాస్ట్ అయితే కొస దగ్గరే వంగి ఆగిపోతుంది. మోడరేట్ అయితే నడుం దాకా వంగుతుంది.

తేడా ఎందుకంటే.. ప్లాస్టిక్ వానపాములో దాచిన ఒంటి గాలం లావుగా ఉంటుంది. అది ప్లాస్టిక్‌ని చీల్చుకుని చేప దవడలో దిగాలంటే ఒక్క కుదుపు బలంగా పడాలి. దానికి ఫాస్ట్ కావాలి. అదే చిన్న చేప ఆకారంలో ఉండి మూడు ముళ్ల గాలాలు వేలాడే క్రాంక్‌బెయిట్ అయితే లెక్క తిరగబడుతుంది. ఆ ముళ్లు సన్నం. గట్టిగా లాగితే చేప నోట్లోంచి ఊడొచ్చేస్తాయి. అక్కడ నడుం దాకా వంగి, చేప గుంజినప్పుడల్లా కాస్త జారిచ్చే మోడరేట్ రాడ్ కావాలి.

మొదటి రాడ్ కొంటున్నారా? 6 అడుగుల 6 అంగుళాల నుంచి 7 అడుగుల మధ్య, మీడియం పవర్, ఫాస్ట్ యాక్షన్. కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. కార్లో పట్టదనుకుంటే రెండు ముక్కలుగా విడిపోయే రాడ్ చూసుకోండి.

స్పిన్నింగా? బెయిట్‌కాస్టరా?

వీడియోల్లో ప్రొఫెషనల్స్ చేతుల్లో ఎక్కువగా కనిపించేది బెయిట్‌కాస్టర్. రాడ్ పైన కూర్చుంటుంది, చూడ్డానికి స్పోర్ట్స్ కారులా ఉంటుంది. స్పిన్నింగ్ రీల్ రాడ్ కింద వేలాడుతుంది, చూడ్డానికి అంత గొప్పగా ఉండదు. కొత్తవాళ్లకి మాత్రం రెండోదే దిక్కు.

కారణం లోపలి మెకానిజంలో ఉంది. స్పిన్నింగ్ రీల్‌లో విసిరినప్పుడు చుట్ట తిరగదు. దారం దాని అంచు మీదుగా ఊడి పోతుందంతే. ఎర ఆగితే దారమూ ఆగుతుంది. బెయిట్‌కాస్టర్‌లో అలా కాదు. ఎర లాగుతుంటే చుట్ట గిర్రున తిరుగుతూ దారం ఇస్తుంది. గాలికి ఎదురై ఎర నెమ్మదించినా, నీళ్లలో పడి ఆగిపోయినా.. చుట్ట మాత్రం అదే వేగంతో తిరుగుతూనే ఉంటుంది. వదిలిన దారానికి పోయే దారి లేదు. లోపలే ఉబ్బి చిక్కుపడుతుంది. అన్నయ్య వీడియోలో మీరు చూడాల్సిన సీన్ అదే.

అయినా సరే బెయిట్‌కాస్టరే కావాలనుకుంటే మూడు పనులు. ఒకటి, పిడి పక్కన ఉండే చిన్న మరని సరిచేయండి. ఎరని గాల్లో వేలాడదీసి బటన్ నొక్కితే అది మెల్లగా దిగాలి, నేలకి తగలగానే చుట్ట ఆగాలి. రెండోది, పక్కనున్న బ్రేకుని మొదట ఎక్కువలో పెట్టి, చేయి కుదిరాక తగ్గించుకుంటూ రండి. మూడోది అన్నిటికంటే ముఖ్యం.. బొటనవేలు. చుట్ట మీద ఈక ఆనించినట్టు ఆనించి, ఎర నీళ్లకి తగిలే క్షణంలో నొక్కేయాలి. ఇది ఏ వీడియో చూసినా రాదు. ఇంటి వెనక గడ్డిలో, గాలం తీసేసి, ఉత్త సీసం గుండు కట్టి ఓ పది రోజులు విసిరితే వస్తుంది.

రీల్ మీద 6.2:1, 7.1:1 అని ఉంటుంది. పిడి ఒక్కసారి తిప్పితే లోపల అన్నిసార్లు తిరుగుతుందని అర్థం. అన్నిటికీ పనికొచ్చేది 6 దగ్గర్లో ఉన్నది. స్పిన్నింగ్‌లో 2500 సైజు చాలు. చుట్టలో దారాన్ని అంచుకి 3 మిల్లీమీటర్ల కింద దాకా మాత్రమే నింపండి. నిండుగా చుడితే వలయాలు వలయాలుగా జారి పడుతుంది. విసిరాక పైనున్న కమ్మీని పిడి తిప్పి కాకుండా చేత్తో మూయండి.. దారం మెలిక పడటం చాలావరకు తగ్గుతుంది.

డ్రాగ్ గురించి చెప్పకపోతే సగం చెప్పినట్టే. చేప గట్టిగా గుంజినప్పుడు దారం తెగకుండా రీల్ కొంచెం కొంచెం వదులుతుంది చూడండి, అదే డ్రాగ్. దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దగ్గర వదిలేలా పెట్టుకోవాలి. 10 పౌండ్ల లైన్ అయితే రెండున్నర, 3 పౌండ్ల దగ్గర. కొలవడం ఎలా అంటారా? ఇండియా వచ్చేటప్పుడు సూట్‌కేసులు తూచే లగేజీ స్కేల్ మన ఇళ్లలో ఉంటుంది కదా.. దానికి దారం కట్టి లాగి చూడండి.

లైన్.. తక్కువ ఖర్చు, ఎక్కువ నష్టం

రాడ్ మీద 100 డాలర్లు పెట్టినవాళ్లు లైన్ దగ్గర పిసినారులవుతారు. కానీ మీకూ చేపకీ మధ్య ఉన్నది అదొక్కటే. అది తెగితే పోయేది చేప ఒక్కటే కాదు. నోట్లో గాలంతో, వెనక అడుగుల కొద్దీ దారంతో చేప అలాగే తిరుగుతుంది. ఒడ్డున వదిలేసిన దారం తాబేళ్లకి, కొంగల కాళ్లకి చుట్టుకుంటుంది. అందుకే తెగిన ముక్కని జేబులో వేసుకుని రావాలి.

రకాలు మూడు. మోనో అంటే మనకి చిన్నప్పటి నుంచి తెలిసిన ఒంటి పోగు నైలాన్ దారమే. బాగా సాగుతుంది, చవక, ముడి బాగా నిలుస్తుంది. నీటిపైన ఆడే ఎరలకి బాగుంటుంది. కొత్తవాళ్లు 8 లేదా 10 పౌండ్ల మోనోతో మొదలుపెడితే తప్పు చేసినా పెద్దగా దెబ్బతినరు.

ఫ్లోరోకార్బన్ చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ నీళ్లలో మునుగుతుంది, రాళ్లకి రాసుకున్నా త్వరగా తెగదు. కాంతిని అది వంచే తీరు నీటికి దగ్గరగా ఉండటంతో చేపకి తక్కువగా కనిపిస్తుంది. తేటనీళ్లలో తేడా తెలుస్తుంది. దీంతో ఒక్కటే చిక్కు.. ముడిని తడపకుండా బిగిస్తే ఆ రాపిడి వేడికే బలహీనపడుతుంది. బిగించే ముందు ఉమ్మితో తడపండి. ఇది ఏ దారానికైనా మంచి అలవాటే.

మూడోది బ్రెయిడ్.. పోగులు అల్లిన దారం. అసలు సాగదు. 30 పౌండ్ల బ్రెయిడ్, 8 పౌండ్ల మోనో అంత సన్నంగా ఉంటుంది. చేప ముట్టుకున్నా చేతికి తెలుస్తుంది, నాచుని కోసుకుంటూ వస్తుంది. కానీ నీళ్లలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అందుకే చివర రెండు మూడు అడుగుల ఫ్లోరోకార్బన్ ముక్క కలుపుతారు. ఇంకో మాట.. బ్రెయిడ్‌ని నేరుగా చుట్టకి కడితే లోపల జారుతుంది. ముందు కాస్త మోనో చుట్టి, దాని మీద కట్టాలి. ఈ సంగతి తెలియక రీల్ పాడైందని వాపస్ ఇచ్చేసినవాళ్లున్నారు! బ్రెయిడ్‌ని చేతికి చుట్టుకుని మాత్రం ఎప్పుడూ లాగొద్దు. బ్లేడులా కోస్తుంది.

ముడి ఒక్కటి వస్తే చాలు.. పాలోమార్. దారాన్ని మడిచి జంటగా గాలం కంట్లోంచి తీయండి. మామూలు ముడి వేసినట్టు వదులుగా వేయండి. మిగిలిన ఉచ్చులోంచి గాలాన్ని మొత్తంగా బయటకి తీయండి. తడిపి బిగించండి. మూడు రకాల దారాలకీ పనికొస్తుంది.

ఇక ఎరలు.. పెట్టె నిండా అక్కర్లేదు

ఎరల బీరువా ముందు నిలబడితే బట్టల షాపులో నిలబడ్డట్టే. అన్నీ కావాలనిపిస్తాయి. వాటిలో సగం చేపల్ని కాదు.. మనుషుల్ని పట్టడానికి తయారుచేసినవని అక్కడి జాలర్లే జోకులేసుకుంటారు.

ఒక్కటే కొనాలంటే 5 అంగుళాల మెత్తటి ప్లాస్టిక్ వానపాము కొనండి. మన ఊళ్లో గాలానికి ఎర్రలు గుచ్చినట్టే ఇదీను, కాకపోతే ప్లాస్టిక్. ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1949లో ఒహాయోలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ తయారుచేసిన ప్లాస్టిక్ వానపాముతో బ్యాస్ ఫిషింగ్ తీరే మారిపోయింది. దీన్ని సరిగ్గా నడుముకి గుచ్చి, బరువేం కట్టకుండా, నాచు అంచున వేసి వదిలేయండి. రెండు చివర్లూ వణుకుతూ మెల్లగా మునుగుతుంది. మీరు చేయాల్సింది ఏమీ చేయకపోవడమే! దారం వైపు చూస్తూ ఉండండి. ఉన్నట్టుండి పక్కకి జరిగిందా.. పడినట్టే. బెండు మునిగిందా లేదా అని చూసే మన పద్ధతే, బెండు ఉండదంతే.

కొమ్మలు, గడ్డి ఎక్కువగా ఉన్నచోట అదే వానపాముని టెక్సాస్ రిగ్‌గా మార్చాలి. ముందు తుపాకీ గుండు ఆకారంలో ఉండే బరువు, పావు ఔన్సు చాలు. తర్వాత మెడ వంకర గాలం. దాని మొనని మళ్లీ ప్లాస్టిక్ లోపలికే గుచ్చేస్తారు. మొన బయట ఉండదు కాబట్టి కొమ్మలకి తగులుకోదు. ఒడ్డు మీద నుంచి పట్టేవాళ్లకి ఇదో వరం.

గాలి వీస్తూ నీళ్లు కాస్త మురికిగా ఉంటే స్పిన్నర్‌బెయిట్. రేకు తళతళలాడుతూ తిరుగుతుంది, కనిపించకపోయినా చేపకి ఆ కదలిక తెలుస్తుంది. ఎక్కువ నీటిని త్వరగా వెతకాలంటే క్రాంక్‌బెయిట్. రంగు గురించి జుట్టు పీక్కోవద్దు.. తేటనీళ్లకి ఆకుపచ్చ, గోధుమ లాంటి సహజ రంగులు, బురదనీళ్లకి నలుపు-నీలం.

కప్ప ఎర గురించి మాత్రం చెప్పాల్సిందే. బోలుగా ఉండే రబ్బరు కప్ప, నాచు మీద గెంతుతూ వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో కొర్రమీను కోసం రబ్బరు కప్ప వాడేవాళ్లు అమెరికా వెళ్తే మొదటి రోజే మొనగాళ్లు. అయితే దీనికి పైన చెప్పిన మీడియం రాడ్ పనికిరాదు. నాచుతో సహా చేపని బయటకి లాగాలి కాబట్టి 7 అడుగుల హెవీ రాడ్, 50 పౌండ్ల పైన బ్రెయిడ్ కావాలి. నీళ్లు భళ్లుమనగానే లాగేయకండి. ఓ క్షణం ఆగి, బరువు తెలిశాక లాగాలి. ఇదొక్కటీ వచ్చే ఏడాదికి పెట్టుకోండి.

అన్నట్టు.. టెక్సాస్ రాష్ట్ర రికార్డు లార్జ్‌మౌత్ 18.18 పౌండ్లు. 1992 జనవరిలో లేక్ ఫోర్క్‌లో బ్యారీ సెయింట్ క్లెయిర్ పట్టాడు. ఏ ఖరీదైన ఎరకి పడిందో తెలుసా? క్రాపీ అనే చిన్న జాతి చేపల కోసం వేసిన బతికున్న చిన్న చేపకి!

లైసెన్స్ లేకుండా వెళ్తే?

ఫైన్ పడుతుంది. టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండినవాళ్లకి లైసెన్స్ కావాలి, అంతకంటే చిన్నపిల్లలకి అక్కర్లేదు. ఎక్కువ రకాల లైసెన్సులు ఆగస్టు 31తో ముగుస్తాయి, కాబట్టి జూలైలో కొనేవాళ్లు తేదీ చూసుకోండి. స్టేట్ పార్కు లోపల ఒడ్డు నుంచి పట్టేవాళ్లకి లైసెన్స్ అవసరం లేదు. ఒకసారి ప్రయత్నించి చూద్దామనుకునే కుటుంబాలకి ఇదే మంచి దారి. జూన్ మొదటి శనివారం రాష్ట్రమంతా ఉచితం. లార్జ్‌మౌత్ సాధారణంగా 14 అంగుళాలకి తగ్గితే వదిలేయాలి, రోజుకి 5 మించకూడదు. కానీ చెరువుని బట్టి రూల్ మారుతుంది. బయల్దేరే ముందు టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వెబ్‌సైట్‌లో ఆ చెరువు పేరు కొట్టి చూడండి. వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి రూల్స్ వేరు.

వదిలేసే చేపని ఒడ్డు మట్టిలో దొర్లించొద్దు. చేయి తడిపి పట్టుకోండి, పొడి చేయి దాని ఒంటి మీది జిగురుని తీసేస్తుంది. పెద్దదైతే ఒక చేత్తో కింది దవడ, ఇంకో చేత్తో పొట్ట కింద ఆసరా. ఫొటో ఒక్కటి చాలు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. అమెరికాలో సరదాగా చెరువుల దగ్గరికి వెళ్లి మునిగిపోయిన తెలుగు విద్యార్థుల వార్తలు ఈ డెస్క్‌లో కూర్చుని టైప్ చేశాం. ఆ వార్తలు మళ్లీ రాయాలని ఎవరికీ ఉండదు. ఎర కొమ్మకి చిక్కుకుందా? దారం తెంపేయండి. ఆ నాలుగు డాలర్ల ఎర కోసం నీళ్లలోకి దిగొద్దు. రిజర్వాయర్లలో రెండడుగులు వేస్తే లోతు ఎంతో తెలియదు. పడవెక్కితే లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే. 26 అడుగుల లోపు పడవ కదులుతున్నప్పుడు 13 ఏళ్లలోపు పిల్లలకి టెక్సాస్ చట్టమే తప్పనిసరి చేసింది. విసిరే ముందు వెనక ఎవరున్నారో చూసుకోండి.. మూడు ముళ్ల గాలం చెవికి తగిలితే ఆ రోజు ఎమర్జెన్సీ రూములో గడుస్తుంది.

ఇంతకీ అన్నయ్య ఏం చేశాడు? బెయిట్‌కాస్టర్‌ని గ్యారేజీలో మేకుకి తగిలించి, ఓ స్పిన్నింగ్ సెట్టు, 10 పౌండ్ల మోనో, ఒక ప్యాకెట్ ప్లాస్టిక్ వానపాములు కొన్నాడు. మొత్తం 90 డాలర్లు దాటలేదు. మొన్న లేక్ ఫోర్క్ నుంచి మళ్లీ వీడియో. ఈసారి చేతిలో నిగనిగలాడే బ్యాస్, పక్కనే టేపు పట్టుకుని పాప. 17 అంగుళాలు! సంబరంగా వదినకి ఫోన్ చేస్తే ఆవిడ పులుసుకి చింతపండు నానబెట్టేసింది. తర్వాత గుర్తొచ్చిందట.. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న లార్జ్‌మౌత్‌ని ఇంటికి తీసుకెళ్లకూడదు. పాపే నీళ్లలో వదిలింది. ఆ రాత్రి వాళ్లింట్లో టమాటా చారు.